కడప నుంచి మూడు రోజులు సముద్రానికి: అత్తమ్మతో, పిల్లలతో ఏ ఊరికి పోతే బాగుంటుంది?

పెన్నొడ్డు (కడప)
ఏప్రిల్ 19, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో మా ఆయనకు మూడు రోజులు సెలవు దొరికింది. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఆరు. పరీక్షలు అయిపోయినప్పటి నుంచి ఇద్దరూ సముద్రం సముద్రం అని ఒకటే గోల.

అసలు సంగతి మా అత్తమ్మది. అరవై ఎనిమిదేళ్లు. సిద్ధవటం దగ్గర పల్లెలో పుట్టి, పెన్నా ఇసకలో ఆడుకుని పెరిగింది. తిరుమలకు ఇరవై సార్లన్నా పోయుంటుంది, శ్రీశైలం పోయింది, మంత్రాలయం పోయింది. సముద్రం మాత్రం ఒక్కసారీ చూడలేదు. మొన్న రాత్రి మిద్దె మీద పడుకుని పాప అడిగింది, "జేజీ, మన ఏరు యాడికి పోతుంది?" అని. "సముద్రంలో కలుస్తాదంట తల్లీ, నేనెప్పుడూ చూళ్లేదు" అనింది ఆమె. అది విన్నప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఈసారి ఎట్లైనా తీసుకుపోవాలి.

ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. మాకు సొంత కారు ఉంది. అంతా కలిపి ఇరవై వేలు దాటకూడదు. ఇంతకుముందు పోయినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

క్లాక్‌టవర్_అనంత
ఏప్రిల్ 19, రాత్రి 10:05

అక్కా, నా ఓటు గోకర్ణకు. బళ్లారి, హోసపేట, హుబ్లీ, అంకోలా మీదుగా పోవచ్చు. అంకోలా ముందు ఘాట్ రోడ్డు అడవిలో నుంచి దిగుతుంది, ఆ దారే చాలా బాగుంటుంది. గోకర్ణలో ఆత్మలింగం ఉన్న మహాబలేశ్వరుడి గుడి ఉంది, అమ్మగారికి దర్శనమూ అవుతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం కిందికి పోతే మురుడేశ్వర్. శివుడి విగ్రహం 123 అడుగులు, పక్కనే ఇరవై అంతస్తుల రాజగోపురం. పైకి పోవడానికి లిఫ్ట్ ఉంది కాబట్టి మెట్ల బాధ లేదు. పడమటి తీరం కదా, సూర్యుడు సముద్రంలోకి దిగేది కళ్లారా చూడొచ్చు. మన ఈ వైపు తీరంలో అది దొరకదు.

గుంతకల్లు_జంక్షన్
ఏప్రిల్ 19, రాత్రి 10:31

కారు ఎందుకు, రైలు ఉండగా? గుంతకల్లు నుంచి గోవా వైపు వాస్కో దాకా రైలు ఉంది, హుబ్లీ, లోండా మీదుగా పోతుంది. కాజిల్ రాక్ దాటాక పశ్చిమ కనుమలు దిగేటప్పుడు బండి దూద్‌సాగర్ జలపాతం ముందు నుంచే పోతుంది. మే నెలలో నీళ్లు సన్నగా ఉంటాయి కానీ ఆ లోయ, ఆ సొరంగాలు పిల్లలు జన్మలో మర్చిపోరు. కర్నూలు వాళ్లకైతే 2024 అక్టోబరు నుంచి సికింద్రాబాద్–వాస్కో రైలు కూడా వచ్చింది, వారానికి రెండు రోజులు.

ఒక మాట చెప్పాలి, రాత్రి ప్రయాణానికి పెద్దావిడకు కింది బెర్తు దొరకాలంటే ఇప్పటికే ఆలస్యమైంది.

బురుజు_కర్నూలు
ఏప్రిల్ 20, ఉదయం 6:48

మేము కర్నూలు నుంచి రెండు సార్లు సూర్యలంక పోయాము. నంద్యాల, గిద్దలూరు, వినుకొండ దారి. నల్లమల దాటేటప్పుడు పొద్దున్నే పోతే చల్లగా ఉంటుంది. బాపట్ల నుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్ట్ సముద్రం ఒడ్డునే ఉంది, గది నుంచి ఇసకలోకి నడిచిపోవచ్చు. ఇసక తెల్లగా, మెత్తగా ఉంటుంది. చీరాల వైపు వాడరేవు, రామాపురం కూడా ఉన్నాయి. రామాపురంలో ప్రైవేటు రిసార్టులు ఎక్కువ, శని ఆదివారాల్లో రేట్లు మండిపోతాయి. కడప నుంచి మీకు కొంచెం దూరమే కానీ మూడు రోజులకు సరిపోతుంది.

ప్రొద్దుటూరు_అబ్బి
ఏప్రిల్ 20, ఉదయం 9:20

పుదుచ్చేరి పోండి. సముద్రం పక్కనే పొడవాటి రోడ్డు, సాయంత్రం నుంచి పొద్దున దాకా దాని మీద బండ్లను రానివ్వరు. పెద్దవాళ్లు గట్టు మీద కూర్చుని అలలు చూసుకోవచ్చు, మోకాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. దారిలో మహాబలిపురం చూపించండి. పల్లవుల కాలం నాటి తీరాలయం, అలలకు ఎదురుగా నిలబడి ఉంటుంది. 1984లో యునెస్కో జాబితాలో చేర్చారు. మా నాన్నను తీసుకుపోయినప్పుడు ఆయన గుడి గోడ మీద చెయ్యి పెట్టి, "ఇన్ని వందల ఏండ్లు ఉప్పుగాలి తిన్నా నిలబడింది చూడు" అన్నాడు. రాయంతా అరిగిపోయి బొమ్మల ముఖాలు నున్నగా అయిపోయాయి, అయినా ఏ బొమ్మ ఏదో తెలుస్తూనే ఉంటుంది.

పెన్నొడ్డు
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:15

అందరికీ చాలా థాంక్స్. గోకర్ణ చదువుతుంటేనే పోవాలనిపించింది. కానీ అనంతపురం నుంచి మీకే అంత దూరమైతే, కడప నుంచి మాకు పోను ఒక రోజు, రాను ఒక రోజు కారులోనే అయిపోతుంది. అత్తమ్మ రెండు గంటలకు మించి కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. పుదుచ్చేరి గురించి మా ఆయన కూడా అదే చెబుతున్నాడు. అక్కడ రాళ్ల కట్ట కదా, పిల్లలు నీళ్లలో దిగడానికి ఉంటుందా?

ప్రొద్దుటూరు_అబ్బి
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:40

ఊరి నడుమ ఉన్న చోట కష్టమే అక్కా, చాలా మటుకు బండరాళ్లే. చున్నంబార్ నుంచి పడవలో పారడైజ్ బీచ్‌కు పోవాలి. ఎండాకాలం సెలవుల్లో ఆ పడవకు క్యూ పెద్దదే. పెద్దావిడతో అయితే ఆలోచించాల్సిందే.

నంద్యాల_నర్సక్క
ఏప్రిల్ 20, రాత్రి 8:55

ఏ ఊరైనా పోండి, నేను చెప్పేది మాత్రం పూర్తిగా చదవండి.

ఆరేళ్ల కింద మా పిన్ని కొడుకు స్నేహితులతో కోస్తాలో ఒక బీచ్‌కు పోయాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మన దగ్గర పిల్లలకు ఈత అంటే బావి, లేదంటే కాలువ. వాడు బావిలో మంచి ఈతగాడు. నడుం లోతులోనే నిలబడ్డాడంట, ఒక అల వెనక్కి పోయేటప్పుడు కాలు నిలవలేదు. మూడో రోజు దొరికాడు. మా పిన్ని ఇప్పటికీ టీవీలో సముద్రం కనిపిస్తే లేచి లోపలికి వెళ్లిపోతుంది.

ఆ తర్వాత నేను దీని గురించి తెలిసినవాళ్లందరినీ అడిగాను. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా. నీటి కింద ఇసక మేటల మధ్య లోతైన సందు ఉంటే ఆ నీళ్లన్నీ అక్కడ చేరి ఏరులా లోపలికి లాగుతాయి. పైనుంచి చూస్తే అక్కడే అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. ఇక్కడైతే బాగుందని మనలాంటి వాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత పెద్ద ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు అడ్డంగా, పక్కకు ఈదుతూ ఆ పాయ దాటి అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే కంగారు పడకుండా తేలడానికి ప్రయత్నిస్తూ చెయ్యి ఎత్తి పిలవాలి.

చిన్నపిల్లలకు మోకాలి లోతు దాటనివ్వకండి, అది కూడా చెయ్యి పట్టుకునే. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ, మీ తేదీలు క్యాలెండర్‌లో చూసుకోండి. పోలీసులు దిగొద్దన్న చోట దిగొద్దు. బాపట్ల వైపు ప్రమాదాలు జరిగినప్పుడు బీచ్‌లు మూసేస్తుంటారు, అట్లా మూస్తే వాళ్లతో వాదన పెట్టుకోకుండా వెనక్కి వచ్చేయండి.

బురుజు_కర్నూలు
ఏప్రిల్ 20, రాత్రి 9:30

నర్సక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను రాసేటప్పుడు ఇది రాయాల్సింది, రాయలేదు. సూర్యలంకలో మేమున్న రోజే ఇద్దరు కుర్రాళ్లను జాలర్లు లాక్కొచ్చారు. బతికారు. విశాఖలో కూడా ఆర్కే బీచ్ చూడటానికే, దిగడానికి కాదు. రుషికొండ దగ్గర గార్డులు ఉంటారు, శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చింది. కడప నుంచి విశాఖకు తిరుమల ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది కానీ, మూడు రోజుల్లో పోయి రావడం పెద్దావిడకు శ్రమ.

నెల్లూరు_ఆడపడుచు
ఏప్రిల్ 21, ఉదయం 7:02

నేను పుట్టింది ఇందుకూరుపేట దగ్గర, ఇచ్చింది కడపకు. ఇప్పుడు ఉండేది కోఆపరేటివ్ కాలనీలో. పెన్నొడ్డు గారి మొదటి పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతమంది ఇన్ని ఊర్లు చెప్పారు కానీ ఆమె అడిగిన మాట ఎవరూ పట్టించుకోలేదే!

అమ్మా, మీ అత్తమ్మ ఏరు కలిసేది మా నెల్లూరు సముద్రంలోనే. నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, గండికోట లోయ కోసుకుని, సిద్ధవటం కోట పక్క నుంచి సోమశిలకు వచ్చి, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర కలుస్తుంది. ఆమెను గోకర్ణకు తీసుకుపోతే అది వేరే సముద్రం!

దారి చెబుతాను. కడప నుంచి సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు. తెల్లవారి ఐదుకు బయలుదేరి, బద్వేలులో ఇడ్లీ తిని, మధ్యలో రెండు సార్లు ఆగినా పదికల్లా నెల్లూరులో ఉంటారు. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. రోడ్డుకు రెండు వైపులా వరి చేలు, రొయ్యల గుంటలు, దగ్గరికి పోయాక సరుగుడు తోటలు. తోట దాటితే సముద్రం. కారు ఆపిన చోటు నుంచి నీళ్లకు నడక తక్కువ, మెట్లు లేవు. ఇసకలో మాత్రం మోకాళ్లకు పట్టు దొరకదు, ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఒక ప్లాస్టిక్ కుర్చీ కారులో వేసుకోండి, తడి ఇసక దగ్గర వేస్తే గంటలు గంటలు కూర్చుంటుంది.

ప్రమాదం మా దగ్గరా ఉంది, దాచను. మైపాడులో కూడా పిల్లలు పోయారు. దిగే ముందు అక్కడి జాలర్లను "ఈరోజు ఎట్లా ఉంది?" అని ఒక్క మాట అడగండి. ఎక్కడ గుంత పడిందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ప్రొద్దుటూరు_అబ్బి
ఏప్రిల్ 21, ఉదయం 10:12

మైపాడులో సముద్రం తప్ప ఏముంది అక్కా? ఒక గంట చూస్తే అయిపోతుంది. పిల్లలకు మూడు రోజులు ఏం తోస్తుంది?

నెల్లూరు_ఆడపడుచు
ఏప్రిల్ 21, ఉదయం 10:50

తమ్ముడూ, ఆరేళ్ల పిల్లోడికి ఇసక, నీళ్లు, ఒక డబ్బా ఉంటే వేరే ఏం కావాలి? పీతలు బొరియల్లోకి దూరేది చూస్తూ మా పిల్లలు పూటంతా గడిపేవాళ్లు. మీరన్న మహాబలిపురం గొప్పదే, కాదనను. కానీ మే నెల ఎండలో ఆ రాళ్ల మధ్య పెద్దావిడను నడిపిస్తే మోకాళ్లు ఏం కావాలి?

క్లాక్‌టవర్_అనంత
ఏప్రిల్ 21, ఉదయం 11:30

పెన్నా సంగతి నాకు తట్టనే లేదు. మా పామిడి, తాడిపత్రి మీదుగా వచ్చే ఏరే కదా అది. నా ఓటు మైపాడుకు మార్చుకుంటున్నాను. గోకర్ణకు దసరా సెలవుల్లో పోండి అక్కా, వానలు తగ్గి కొండలన్నీ పచ్చగా ఉంటాయి.

గుంతకల్లు_జంక్షన్
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 12:05

నెల్లూరుకైతే నేను కూడా కారే అంటాను. కడప నుంచి రైలు రేణిగుంట, గూడూరు చుట్టి రావాలి. ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను 2019లో తెరిచారు, వెలిగొండ కింద ఆరు కిలోమీటర్ల పైన సొరంగం ఉంది, కానీ దాని మీద ఎక్కువగా తిరిగేది కృష్ణపట్నం పోర్టు గూడ్సులే.

పెన్నొడ్డు
ఏప్రిల్ 21, రాత్రి 9:44

ఆడపడుచు గారూ, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కొంచెం సేపటికి లేచి పోయి, "అమ్మా, నెల్లూరు పోదామా" అని అడిగాడు. ఇంక వేరే ఊరు లేదు, మైపాడే.

ఇప్పుడు రెండు టెన్షన్లు. ఒకటి ఎండ. రెండు, మా ఆయనకు వంజరం చేప తినాలని ఉంది, మంచిది ఎక్కడ దొరుకుతుంది?

బురుజు_కర్నూలు
ఏప్రిల్ 22, ఉదయం 6:30

ఎండ గురించి: మనది పొడి ఎండ. కడపలో 43 ఉన్నా చెట్టు నీడకు పోతే చెమట ఆరి ప్రాణం కుదుట పడుతుంది. అక్కడ 39 ఉన్నా ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నేల తొందరగా కాగుతుంది, నీళ్లు నిదానంగా కాగుతాయి, అందుకే మధ్యాహ్నానికి సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు మాత్రం ఆ గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. అప్పుడు నెల్లూరు మన ఊర్ల కంటే ఎక్కువ కాలుతుంది. ఏసీ గది తీసుకోండి, అక్కడ డబ్బు చూసుకోవద్దు. పొద్దున తొమ్మిదికల్లా బీచ్ నుంచి వచ్చేయండి, మళ్లీ నాలుగున్నర తర్వాతే.

ఇంకోటి, మే నెల బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చే కాలం. 2010లో లైలా మే 20న బాపట్ల దగ్గరే తీరం దాటింది. బయలుదేరే ముందు రెండు రోజులు వాతావరణం వార్తలు చూడండి.

నెల్లూరు_ఆడపడుచు
ఏప్రిల్ 22, ఉదయం 8:15

చేపల సంగతి నేను చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరపడవలు సముద్రంలోకి పోకూడదు. ఇంజను లేని నాటు పడవలకు మాత్రం అడ్డు లేదు. అందుకని మీరు పోయే రోజుల్లో పెద్ద వంజరం తాజాదని ఎవరైనా అమ్మితే నమ్మకండి, అది ఐసులో ఉన్నదో వేరే తీరం నుంచి వచ్చిందో అయ్యుంటుంది. నాటు పడవ వాళ్లు పొద్దున ఒడ్డుకు తెచ్చే చిన్న చేపలు తీసుకోండి. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంత నిలవకూడదు. మామిడికాయ వేసి పులుసు పెడితే ఆ రోజు కంటే మర్నాడు రుచి ఎక్కువ. వచ్చేటప్పుడు నెల్లూరు మలై కాజా మర్చిపోవద్దు.

నంద్యాల_నర్సక్క
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:20

పది లీటర్ల మంచినీళ్ల డబ్బా, మగ్గు, పాత తువ్వాళ్లు పెట్టుకోండి. ఉప్పునీళ్లు కడుక్కోకపోతే పిల్లలకు తొడల దగ్గర ఒరుసుకుపోతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు, మీ అత్తమ్మ బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు.

పెన్నొడ్డు
మే 16, రాత్రి 10:20

పోయి వచ్చాము. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

మొదటి రోజు నెల్లూరులో దిగి, సాయంత్రం పెన్నా ఒడ్డున రంగనాయకుల గుడికి పోయాము. గుడి నుంచి బయటికి వచ్చాక అత్తమ్మ ఏటి వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఇసక మధ్య పాయలుగా నీళ్లు. "ఇదే ఏరా?" అని రెండు సార్లు అడిగింది. సిద్ధవటంలో పొద్దున చూసిన ఏరే ఇది అంటే నమ్మలేకపోయింది.

గది విషయంలో కొంచెం ఇబ్బంది పడ్డాము. ఫోన్లో ఏసీ ఉందన్న లాడ్జిలో ఏసీ పనిచేయలేదు. అడ్వాన్సు సగం పోగొట్టుకుని వేరే చోటికి మారాము. గది చూడకుండా డబ్బు కట్టకండి.

రెండో రోజు నాలుగున్నరకు లేచి మైపాడు పోయాము. మేము పోయేసరికి ఇంకా మసక చీకటి. సముద్రం కనిపించడానికి ముందే చప్పుడు వినిపించింది. అత్తమ్మ కారులో నుంచి దిగి, "ఏందీ శబ్దం, లారీలు పోతున్నాయా?" అనింది. ఐదూ ముప్పావుకు సూర్యుడు వచ్చాడు. ఆమె చెప్పులు విడిచి, మా ఆయన చెయ్యి పట్టుకుని, తడి ఇసక దాకా నడిచింది. ఒక అల వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోయింది. పోయేటప్పుడు మడమల కింద ఇసక లాగేసింది. భయపడి మా ఆయన భుజం గట్టిగా పట్టుకుని, "కింద మన్ను జారిపోతాంది రా" అనింది. రెండో అలకు నవ్వింది. తర్వాత ఇంక కుర్చీలో కూర్చోలేదు, మేమే బలవంతంగా కూర్చోబెట్టాము.

కొంగు ముడిలో పసుపు, కుంకుమ తెచ్చుకుందని మాకు తెలియదు. నీళ్లలో వేసి గంగమ్మకు దండం పెట్టుకుంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "మన నీళ్లు ఇంత ఉప్పగా ఎట్లయినాయి?" అని పాపను అడిగింది. పాపకు జవాబు తెలియలేదు.

ఆడపడుచు గారూ, మీరు చెప్పినట్టే జాలర్లను అడిగాము. ఒక పెద్దాయన చెయ్యి చూపించి, ఆ పక్క దిగొద్దు, గుంత పడింది అన్నాడు. మాకు చూస్తే అక్కడే నీళ్లు నిదానంగా కనిపించాయి. నర్సక్కా, మీరు రాయకపోయుంటే మేము కచ్చితంగా అక్కడే దిగేవాళ్లం.

ఖర్చు పెట్రోలు, గది, తిండి అన్నీ కలిపి పదహారు వేల చిల్లర.

నంద్యాల_నర్సక్క
మే 16, రాత్రి 10:41

చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి తల్లీ. ఈ పోస్టు మా పిన్నికి చదివి వినిపిస్తాను.

నెల్లూరు_ఆడపడుచు
మే 17, ఉదయం 6:55

మా ఊరి సముద్రం ఆమెకు నచ్చింది, నాకు అంతే చాలు. పెన్నా మొగ, అదే ఏరు సముద్రంలో కలిసే చోటు, చూశారా మరి?

పెన్నొడ్డు
మే 17, ఉదయం 8:30

లేదండీ. అది ఉత్తరం పక్కన, ఏరు దాటి పోవాలన్నారు. ఎండ ఎక్కువైంది, పిల్లలు అలిసిపోయారు. అత్తమ్మ దారి పొడవునా అదే మాట. కార్తీక మాసంలో ఊటుకూరు పోయి, ఏరు కలిసే చోట దీపం పెట్టాలంట.

నెల్లూరు_ఆడపడుచు
మే 17, ఉదయం 9:05

కార్తీకంలో వద్దమ్మా, మాకు అప్పుడే వానలు, తుపాన్లు. సోమశిల డ్యాం గేట్లు ఎత్తితే ఏరు పోటెత్తుతుంది. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలు చేస్తారు, వానలు వెనకబట్టి ఉంటాయి, ఎండా ఉండదు. ఆ రోజుల్లో నేనూ పుట్టింటికి పోతాను, మీతోపాటు వస్తాను. వంజరం అప్పుడు తిందురు గానీ.